వానకు బడి సెలవు: ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ఇంట్లో ఒక రోజు చదువు

మీరు అడిగింది ఇదీ: గోదావరి జిల్లాల్లో వానలకు బడికి సెలవిచ్చారు. బాబు ఏడో తరగతి, పాప ఆరు, ఇద్దరిదీ ప్రభుత్వ బడిలో ఇంగ్లిష్ మీడియం. మీరు తెలుగు మీడియంలో చదివారు. ఇంట్లో ఒకటే ఫోను, మీకేమో కుట్టు మిషన్ పని. పొద్దున్నుంచి పుస్తకాల ముందు కూర్చోబెడుతుంటే సాయంత్రానికి గొడవ తప్ప ఏమీ మిగలడం లేదు. మరి రోజంతా ఎలా చదివించాలి?

రోజంతా చదివించక్కర్లేదండి. విద్యాహక్కు చట్టం 2009లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధనా గంటలు అని రాసుంది. భాగించి చూడండి, రోజుకు నాలుగున్నర గంటలు. అది కూడా ఒక్కరే టీచరు తరగతి మొత్తానికి చెప్పే చోట. ఇంట్లో ఇద్దరే పిల్లలు, హాజరు పిలవడం లేదు, బోర్డు తుడిచేదాకా ఆగడం లేదు. మూడు గంటలు నిజంగా చదివితే చాలు. అదీ ఒక్కసారిగా కాదు, అరగంట, ముప్పావుగంట ముక్కలుగా.

గొడవ వచ్చేది చాలామటుకు ఒకే కారణంతో. "కూర్చుని చదువుకో" అంటాం. ఎంతసేపు, ఏ పేజీ, ఎక్కడితో అయిపోతుంది అన్నది పిల్లాడికి తెలియదు. అయిపోవడం అనేది లేని పని పెద్దవాళ్లకైనా విసుగే. అందుకని ప్రతి ముక్క చివర చేతిలో చూపించగలిగేది ఒకటి ఉండాలి: దిద్దిన ఆరు లెక్కలు, పది వాక్యాలు, ఒక పట్టిక, ఒక పటం. అది చూపించాడంటే ఆ ముక్క అయిపోయినట్టే. తొందరగా అయిపోయిందని ఇంకో పది లెక్కలు వేయకండి. ఒక్కసారి అలా చేశారంటే రెండోసారి నుంచి కావాలనే నెమ్మదిగా చేస్తారు.

ముందు రోజు రాత్రి పావుగంట పని ఉంది. ఇద్దరి సంచులూ తీసి, ప్రతి సబ్జెక్టులో బడిలో చివరగా జరిగిన పాఠం ఏదో వాళ్లనే అడిగి పేజీ నంబర్లు రాసుకోండి. కొత్త పాఠం మొదలుపెట్టాలని చూడకండి. దాన్ని టీచరు ఎలాగూ మళ్లీ మొదటినుంచి చెబుతారు, ఈలోపు ఇంట్లో తప్పుగా నేర్చుకున్నది వదిలించడం కష్టం. ఒక్క రోజు సెలవులో సిలబస్ ముందుకు నడవదు. పిల్లాడు ఎక్కడ ఆగిపోయాడో కనిపెట్టి, దాంట్లో ఒక్కటి సరిచేయడానికి మాత్రం ఒక రోజు బాగా సరిపోతుంది. బడిలో టీచరుకు అంత తీరిక దొరకదు, మీకు ఈ రోజు దొరికింది.

అదే రాత్రి, ఉరుములు మెరుపులు లేని సమయం చూసి, ఒక టిఫిన్ డబ్బా ఆరుబయట పెట్టించండి. పక్కలు నిటారుగా, అడుగు చదునుగా ఉన్న డబ్బా కావాలి. చూరు కింద, చెట్టు కింద పెట్టకూడదు. పక్కన గోడ ఉంటే దాని ఎత్తుకు రెండింతల దూరంలో ఉండాలి. నేల మీద పెడితే చినుకులు ఎగిరి లోపల పడతాయి కాబట్టి రెండు ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, గాలికి కదలకుండా చుట్టూ రాళ్లు ఆనించండి. రాయి డబ్బా లోపల వేస్తే నీటి మట్టం పైకి లేస్తుంది, లెక్క పోతుంది.

పొద్దున ఎనిమిదిన్నరకు దీంతో రోజు మొదలవుతుంది. ఆ సమయానికే ఎందుకంటే, వాతావరణ శాఖ కూడా ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు పడిన వాననే ఒక రోజు వర్షపాతంగా లెక్క కడుతుంది. ఇక్కడ పిల్లలు చేసే తప్పు ఒకటుంది. ప్లాస్టిక్ స్కేలును నేరుగా డబ్బాలో దించుతారు. స్కేలు మీద సున్నా గీత చివరన ఉండదు, కొన్ని మిల్లీమీటర్లు వదిలి ఉంటుంది. అంత మేరా కొలత తక్కువ వస్తుంది. అందుకని శుభ్రమైన, పొడి చీపురు పుల్లను అడుగు తగిలేదాకా నిటారుగా దించి, తడిసిన చోట గోటితో నొక్కి, ఆ పొడవును స్కేలు మీద సున్నా నుంచి కొలవాలి. మూడుసార్లు కొలిచి మధ్యలో వచ్చిన అంకె తీసుకోవాలి. కొలిచాక నీళ్లు పారబోసి డబ్బాను మళ్లీ అక్కడే పెట్టించండి. డబ్బా మూతి వెడల్పు, అడుగు ఇరుకు అయితే లోతు అసలు వాన కంటే ఎక్కువ చూపిస్తుంది. చాలా ఇళ్లలో స్టీలు గ్లాసు పెట్టి "పది సెంటీమీటర్ల వాన పడింది" అనుకోవడానికి కారణం ఇదే.

అనుకుందాం, 20 మిల్లీమీటర్లు వచ్చింది. వాతావరణ శాఖ లెక్కలో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల దాకా మోస్తరు వాన, 64.5 నుంచి 115.5 దాకా భారీ, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ, ఆపైన అత్యంత భారీ. మన డబ్బాలోది ఎందులోకి వస్తుందో పాపను చెప్పమనండి. దశాంశ సంఖ్యలు పోల్చడం ఆరో తరగతి లెక్కే కదా. బాబుకు ఇంకో మెట్టు: ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా 1 లీటరు. ఒక సెంటు నేల 40 చదరపు మీటర్ల పైచిలుకు. కాబట్టి 20 మిల్లీమీటర్ల వానకు ఒక్క సెంటులో 800 లీటర్లు పడ్డాయి. 200 లీటర్ల డ్రమ్ములు నాలుగు. మీ ఇల్లు ఎన్ని సెంట్లు, అన్ని నాలుగులు. సెంట్ల బదులు గుంటల్లో కొలిచే తెలంగాణలో అయితే గుంటకు సుమారు 101 చదరపు మీటర్లు వేసుకోవాలి. ఈ పని పదిహేను నిమిషాలకు మించదు, దీన్ని చదువు గంటల్లో కలపకండి. నిద్ర మత్తు వదిలించి చేతికి పెన్సిలు ఇవ్వడానికి ఇది.

తర్వాత 8:45 నుంచి 9:25 దాకా లెక్కలు, ఎందుకంటే తల తేలిగ్గా ఉండేది అప్పుడే. పాఠ్యపుస్తకం తెరవకముందు ఒక తెల్లకాగితం మీద ఈ ఎనిమిది రాసి ఇవ్వండి. 402 − 178. 36 × 24. 1824 ÷ 6. 0.6 + 0.25. 5.2, 5.15లలో ఏది పెద్దది. −7 + 3. 240లో 15 శాతం. 1/2 + 1/3. పాపకు శాతం లెక్క వదిలేయండి. జవాబులు వరుసగా 224, 864, 304, 0.85, 5.2, −4, 36, 5/6. మీరు చూడాల్సింది ఎన్ని తప్పులన్నది కాదు, ఎలాంటి తప్పన్నది.

1824 ÷ 6కు 34 రాశాడంటే భాగహారం రాదని కాదు. 18లో 6 మూడుసార్లు పోయాక 2 దించాడు, 2లో 6 పోదు, అక్కడ భాగఫలంలో సున్నా వేయకుండా 4 దించేశాడు. "ఒక అంకె దించావంటే పైన ఒక అంకె పడాల్సిందే, పోకపోతే సున్నా" అని చెప్పి ఇలాంటివే మూడు చేయిస్తే సరిపోతుంది. 0.6 + 0.25కు 0.31 వచ్చిందంటే చుక్క తర్వాత అంకెలను మామూలు సంఖ్యల్లా 6 + 25 కలిపాడు. ఆ పిల్లాడే 5.15 పెద్దది అని కూడా రాసి ఉంటాడు చూడండి, రెండూ ఒకే జబ్బు. డబ్బులతో చెబితే పోతుంది: 0.6 రూపాయి అంటే 60 పైసలు, 6 కాదు. 5.2 అంటే ఐదు రూపాయల ఇరవై పైసలు. −7 + 3కు −10 రాస్తే సంఖ్యారేఖ మీద నడిపించాలి. −7 దగ్గర నిలబడి కుడికి మూడు గడులు. నేల మీద సుద్దముక్కతో గీసి నిజంగానే నడిపించండి, ఆరో తరగతి వాళ్లకు అది చిన్నతనం కాదు. శాతం లెక్కలో తడబడితే 10 శాతం ఎంతో ముందు అడగండి: 24. దాంట్లో సగం 5 శాతం: 12. రెండూ కలిపితే 36.

ఎక్కువమంది ఆగిపోయేది ఆఖరి దాంట్లో. 1/2 + 1/3 = 2/5. పైవి పైవీ కలిపారు, కిందవి కిందవీ కలిపారు. "తప్పు, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) తియ్యి" అంటే తీస్తారు, వచ్చే వారం మళ్లీ 2/5 రాస్తారు. ఎందుకు తప్పో కళ్లతో చూడలేదు కాబట్టి. దీనికి పాత నోటుపుస్తకం అట్ట చాలు. 12 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పుతో ఐదారు పట్టీలు స్కేలుతో కొలిచి కత్తిరించండి. పొడవు 12 ఉండాలి, 10 వద్దు. చేత్తో మడిచి మూడు సమభాగాలు చేద్దామనుకుంటే ఎప్పుడూ సమంగా రావు. 12 సెంటీమీటర్లయితే స్కేలే చెబుతుంది: సగం 6, మూడో వంతు 4, నాలుగో వంతు 3, ఆరో వంతు 2.

ఒక పట్టీ కత్తిరించకుండా అడుగున పెట్టాలి, అది ఒకటి. దాని మీద సగం ముక్క, దాని పక్కనే మూడో వంతు ముక్క. 6 + 4, మొత్తం 10 సెంటీమీటర్లు వచ్చింది. 12లో 10, అంటే 10/12, అంటే 5/6. ఇప్పుడు వాడు రాసిన 2/5 ఎంత పొడవో లెక్క వేయమనండి. 12లో 2/5 అంటే 4.8 సెంటీమీటర్లు. సగం ముక్కే 6 ఉంది. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గిపోయిందా? ఈ ప్రశ్న వేసి ఊరుకోండి. జవాబు మీరు చెప్పకండి. లోపల పది లెక్కపెట్టుకునేంతసేపు ఆగితే వాడి నోటినుంచే వస్తుంది.

తర్వాత 3/4 + 2/3. 9 + 8, 17 సెంటీమీటర్లు. పట్టీ దాటి బయటికి వచ్చింది. ఒక పూర్తి పట్టీ, ఇంకా 5. కాబట్టి ఒకటీ 5/12. మిశ్రమ భిన్నం అంటే ఏమిటో అక్కడే కనిపిస్తుంది. ఇక 1/2 + 1/5 ఇవ్వండి. 12లో ఐదో వంతు 2.4 అని చిరాకు పడతాడు. "ఎంత పొడవు పట్టీ అయితే సగమూ, ఐదో వంతూ రెండూ తెగుతాయి?" అని అడగండి. 10 అంటాడు. ఆ 10నే బడిలో క.సా.గు. అంటారు. కొత్త పట్టీ మీద 5 + 2, 7/10. ఇంతకాలం మంత్రంలా చదివిన మాటకు అర్థం దొరికిన క్షణం అది.

చివర్లో ఆరు లెక్కలు చాలు. 1/4 + 1/6, 2/3 + 1/6, 5/6 − 1/4 పట్టీలతో. 3/8 + 1/4, 2/5 + 1/3 పట్టీలు లేకుండా. ఆరోది తిరగేసి: "కలిపితే 5/6 వచ్చేలా నువ్వే రెండు భిన్నాలు రాయి, 1/2, 1/3 మాత్రం వద్దు." జవాబులు 5/12, 5/6, 7/12, 5/8, 11/15, ఆఖరుదానికి ఏది కుదిరినా సరే. యాభై లెక్కలు ఇస్తే ముప్పయ్యో దాని దగ్గర చెయ్యి రాస్తుంది, తల పనిచేయదు. తప్పు పద్ధతితో యాభై చేస్తే ఆ తప్పే గట్టిపడుతుంది.

ఇద్దరినీ ఒకేసారి పట్టుకోవద్దు. బాబుతో పట్టీల దగ్గర కూర్చున్న ఇరవై నిమిషాలూ పాప తన ఏడు లెక్కలు చేసుకుంటుంది. తర్వాత బాబు తన ఆరూ చేసుకుంటుంటే మీరు పాప కాగితం చూస్తారు. అన్న చెల్లికి చెప్పడం మంచిదే, కానీ తనకు సరిగ్గా వచ్చిందే చెప్పాలి, పావుగంటకు మించకూడదు. "అన్నకు వచ్చింది, నీకెందుకు రాదు" అన్న మాట రాకుండా చూసుకోండి. వచ్చిందంటే ఆ రోజుకు ఆ సబ్జెక్టు అక్కడితో సరి.

పావుగంట విరామం తర్వాత 9:40కి తెలుగు, ముప్పై అయిదు నిమిషాలు. ఇంగ్లిష్ మీడియం అనేసరికి తెలుగు వాచకాన్ని పక్కన పెట్టేస్తున్నారు, అది చాలా నష్టం. ఏడో తరగతికి వచ్చినా తడుముకుంటూ చదివే పిల్లలున్నారు, అది బయటపడాలంటే పైకి చదివించాల్సిందే. సుమారు వంద పదాల పేరా ఒకటి చదవమని, ఆగిన చోటల్లా పెన్సిలుతో చిన్న చుక్క పెట్టండి. నాలుగైదు చుక్కలైతే పాఠం వాడి స్థాయికి సరిపోయింది. పది దాటితే ఆ పాఠాన్ని ఈ రోజుకు వదిలి, కింది తరగతి వాచకం తెచ్చి రోజూ ఒక పేజీ పైకి చదివించాలి. సిగ్గుపడేదేం లేదు, నెల రోజుల్లో తేడా తెలుస్తుంది. నాయనమ్మో అమ్మమ్మో ఇంట్లో ఉంటే ఆవిడకు చదివి వినిపించమనండి. ఆవిడకు చదువు రాకపోయినా ఫరవాలేదు. "ఏంటది, మళ్లీ చెప్పు" అని అడిగే మనిషి ఎదురుగా ఉంటే చదువు దానంతటదే స్పష్టమవుతుంది.

చదివాక "ఏం అర్థమైంది?" అని అడిగితే "కథ" అంటారు. అలా కాకుండా "ఎవరికి ఏం కావాల్సి వచ్చింది? అడ్డం ఏమొచ్చింది? చివరికి ఏం చేశారు?" అని అడగండి. మూడింటికీ పుస్తకం మూసి చెప్పాలి.

ఆ తర్వాత పది వాక్యాలు: రాత్రి వాన గురించి, కిటికీలోంచి కనిపించింది మాత్రమే. "వర్షాకాలం" అని శీర్షిక ఇచ్చారంటే గైడులో వ్యాసం దిగుతుంది. దిద్దేటప్పుడు ఎర్ర సిరాతో పేజీ అంతా నింపకండి. ఒక్క రకం తప్పునే పట్టుకోండి. కొందరికి ఒత్తు అక్షరాలు తారుమారు: బాధను "భాద" అని, విద్యార్థిని "విధ్యార్ది" అని రాస్తారు. కొందరికి ద్విత్వం పడదు: పెట్టె "పెటె" అవుతుంది. కొందరికి ల, ళ ఒకటే: కళ్లు రాయబోయి "కల్లు" రాస్తారు, అర్థమే మారిపోతుంది. ఏ రకం ఎక్కువుంటే ఆ రకం మాటలు ఐదు తీసి, మీరు పలుకుతుంటే రాయించండి. తప్పు రాసిన మాటను ఇరవైసార్లు రాయించడం వల్ల ఉపయోగం లేదు. నాలుగోసారికి చూడకుండా గీతలు గీస్తారు.

10:30కి ఇంగ్లిష్, అరగంట. మీకు ఇంగ్లిష్ రాదన్న బెంగ ఇక్కడే కదా. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో సైన్సు, సోషలు, లెక్కలకు ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదురు పేజీ తెలుగులో ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ తెలుగు పేజీని ఎవరూ చూడరు. దాన్నే ముందు చదివించండి. బాష్పీభవనం, సాంద్రీకరణం, అవపాతం లాంటి మాటలు ఐదు పెన్సిలుతో గీయించి, వాటికి ఎదురు పేజీలో ఏ మాట ఉందో వెతికించండి: ఎవాపరేషన్, కండెన్సేషన్, ప్రెసిపిటేషన్. ఐదు జతలూ నోట్సులో ఎక్కాక, వాటిలో రెండింటితో సొంతంగా రెండు చిన్న వాక్యాలు ఇంగ్లిష్‌లో రాయాలి. తెలుగు వరుసలోనే మాటలు పేర్చి క్రియను చివర పెట్టేస్తుంటారు. "ఎవరు, ఏం చేశారు, దేన్ని" అన్న వరుస అట్ట ముక్క మీద రాసి ఎదురుగా పెడితే సగం తప్పులు తగ్గుతాయి. మిగిలినవి టీచరు చూస్తారు. కంఠస్థం చేసిందో, అర్థమైందో తెలుసుకోవడానికి మీకు ఇంగ్లిష్ అక్కర్లేదు. జవాబు మొత్తం గడగడా అప్పజెప్పాక "ఇప్పుడిది తెలుగులో చెప్పు" అనండి. అర్థమైనవాడు చెబుతాడు.

పదకొండుకు పుస్తకాలు మూసేయాలి. భోజనం, ఆట, నిద్ర, మీ పనికి సాయం, ఏదైనా. భోజనం అయ్యాక రెండు గంటల లోపు చదవమంటే పుస్తకం మీదే నిద్రపోతారు, అది బద్ధకం కాదు. మధ్యాహ్నానికి చేతులతో చేసే పనే పెట్టాలి. అందుకే రెండున్నరకు సైన్సు, ముప్పావుగంట, వంటింట్లో.

పిండిపదార్థ పరీక్ష ఇద్దరికీ పనికొస్తుంది. మందుల డబ్బాలో గాయాలకు రాసే అయోడిన్ ద్రావణం ఉంటే చాలు, పోవిడోన్ అయోడిన్ అయినా సరే. ఒక చుక్కకు పది చుక్కల నీళ్లు కలిపి పలచన చేయండి, టీ రంగులోకి రావాలి. చిక్కగా వాడితే అన్నీ ముదురు గోధుమ రంగులోనే కనిపించి తేడా తెలియదు. స్టీలు పళ్లెంలో చిటికెడంత చొప్పున చల్లారిన అన్నం, పచ్చి బంగాళదుంప ముక్క, కందిపప్పు పొడి, పంచదార, ఉప్పు, దోసకాయ, పచ్చి అరటికాయ, బాగా మగ్గిన అరటిపండు పెట్టండి. ఒక్కోదాని మీద ఒక్కో చుక్క వేయాలి. పిండిపదార్థం ఉన్నచోట నీలం కలిసిన నలుపు వస్తుంది.

వేయడానికి ముందే నోట్సులో మూడు నిలువు వరుసల పట్టిక గీయాలి: పదార్థం, నా అంచనా, వచ్చిన రంగు. అంచనా ముందు రాయకపోతే అది ప్రయోగం కాదు, తమాషా చూడటం అవుతుంది. అరటికాయ నల్లబడి, మగ్గిన పండు అంతగా మారకపోవడం చూసి "ఎందుకు?" అని వాళ్లే అడుగుతారు. మగ్గేకొద్దీ పిండి చక్కెరగా మారుతుంది, పండు తియ్యగా ఉండేది అందుకే.

తేడా కొట్టేవి రెండు చెబుతాను. పొయ్యి మీంచి దించిన వేడి అన్నం మీద వేస్తే రంగు సరిగ్గా రాదు, వచ్చినా పోతుంది, వేడికి అయోడిన్, పిండి విడిపోతాయి కాబట్టి. చల్లారాక వేయండి. రెండోది, కాగితం మీద పెట్టి చేయకండి. చాలా రకాల కాగితాల తయారీలో పిండి వాడతారు, కాగితమే నీలంగా మారి, ఉప్పులో కూడా పిండి ఉందనుకుంటారు. పళ్లెం చివరకు వచ్చేసరికి, నల్లబడిన అన్నం మీద నిమ్మరసం నాలుగు చుక్కలు పిండించండి. రంగు వెలిసిపోతుంది. నిమ్మలోని సి విటమిన్ అయోడిన్‌ను మార్చేస్తుంది కాబట్టి. పరీక్షకు వాడినవేవీ తినకూడదు, పళ్లెం సబ్బుతో కడగాలి. మీరు కుట్టే బట్టలకు మాత్రం దూరంగా చేయించండి, అయోడిన్ మరక పట్టుకుంటుంది.

అయోడిన్ లేకపోతే పసుపు. అర చెంచా పసుపు మూడు చెంచాల నీళ్లలో కలిపి తెల్లకాగితం పట్టీలకు పలచగా పూసి ఆరబెట్టాలి. సబ్బు నీటి చుక్కకు ఎర్రబడుతుంది, అక్కడే నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపు. పసుపు, సున్నం కలిపి పారాణి చేసేది ఈ గుణం వల్లే, ఏడో తరగతిలో ఆమ్లాలు, క్షారాల పాఠం ఇదే. వంట సోడాతో మాత్రం మార్పు అంతంతగానే ఉంటుంది, అది బలహీనమైన క్షారం. ప్రయోగం చెడిపోయిందనుకోకండి. సున్నం కంట్లో పడితే ప్రమాదం, పిల్లల చేతికి ఇవ్వకండి.

సోషలు నాలుగున్నరకు, అరగంట. వాన రోజు గోదావరి జిల్లాల్లో పాఠం ఇంటి ముందుకే వచ్చింది కదా. నోట్సులో గోదావరిని గీయించండి: నాసిక్ దగ్గర త్రయంబకేశ్వరంలో మొదలు, బాసర, ప్రాణహిత వచ్చి కలిసే కాళేశ్వరం, భద్రాచలం, శబరి కలిసే కూనవరం, పోలవరం, ధవళేశ్వరం. మొత్తం 1465 కిలోమీటర్లు. పటం అందంగా రావాల్సిన పని లేదు, వరుస తప్పకూడదు. భద్రాచలంలో నీరు పెరిగిందంటే ధవళేశ్వరం వాళ్లు ఎందుకు జాగ్రత్త పడతారో ఆ వరుసే చెబుతుంది.

దాని పక్కనే కమ్మీ రేఖాచిత్రం. భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. 1986 ఆగస్టు వరద 75.6 అడుగులు, 2022 జులైలో 71.3. ఒక సెంటీమీటరుకు 10 అడుగులు వేసుకుంటే కమ్మీల పొడవు 4.3, 4.8, 5.3, 7.56, 7.13 సెంటీమీటర్లు. స్కేలు మీద 7.56 గీయలేం, 7.6 గీస్తాం. సవరించడం అంటే ఏమిటో అదిగో. కొలతను సున్నా నుంచి కాక 40 నుంచి మొదలుపెట్టాడంటే 1986 కమ్మీ మొదటి హెచ్చరిక కమ్మీకి పది రెట్ల కంటే ఎక్కువ కనిపిస్తుంది. ఒకసారి అలా కూడా గీయించి తేడా చూపించండి, పేపర్లలో వచ్చే బొమ్మలను నమ్మే ముందు కింద సున్నా ఉందా అని చూడటం నేర్చుకుంటారు. ఆ రోజు మట్టం ఎంతో సాయంత్రం వార్తల్లో విని ఆరో కమ్మీ వేయాలి. చూసి వస్తామని గట్టు దగ్గరకో కాలవ దగ్గరకో మాత్రం పంపకండి.

ఇక ఫోను. కేంద్ర విద్యాశాఖ 2020లో ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఆన్‌లైన్ పాఠాలు రోజుకు రెండు విడతలు, ఒక్కోటి 30–45 నిమిషాలు మించకూడదని చెప్పారు. బడి మొత్తం ఫోనులోనే నడిచిన రోజుల మాట అది. ఒక్క రోజు సెలవుకు అంత కూడా అవసరం లేదు. పాఠం మొదట్లో ఉన్న క్యూఆర్ కోడ్‌ను ప్రభుత్వ పాఠాలుండే దీక్ష యాప్‌తో స్కాన్ చేసి, రాత్రే ఒక్క వీడియో దించి పెట్టుకోండి. వాన రోజు కరెంటూ, సిగ్నలూ రెండూ నమ్మలేం. ఐదు నిమిషాలు చూడటం, ఆపి నోట్సులో రెండు ముక్కలు రాయడం, మళ్లీ చూడటం. వీడియో అవగానే ఫోను మీ చేతికి రావాలి. సాయంత్రం దాకా చదివితే ఫోను ఇస్తానని ఎర వేశారంటే మూడు గంటలూ చూపు గడియారం మీదే.

మిషన్ దగ్గర అర్జెంటు పని ఉండి కూర్చోవడం కుదరని రోజు ఒక చీటీ రాసి గోడకు అంటించండి. "లెక్కలు, పేజీ ఫలానా, 1 నుంచి 6. జవాబులతో పాటు ఎక్కడ ఆగావో చుక్క పెట్టు." అలా నాలుగు వాక్యాలు, నాలుగు సబ్జెక్టులు. మీరు భోజనానికి లేచినప్పుడు ఒకసారి, సాయంత్రం ఒకసారి, పదేసి నిమిషాలు చూస్తే సరిపోతుంది. గైడు పుస్తకాలు మాత్రం ఆ రోజు బీరువాలో ఉండాలి. గైడు చేతిలో ఉన్న పిల్లాడి నోట్సు చూస్తే మీకు ఏమీ తెలియదు. అన్నీ రైటే ఉంటాయి.

రాత్రి ఏడింటికి పది నిమిషాలు. ఇద్దరి రఫ్ నోట్సు చివరి పేజీలో తేదీ వేసి మూడేసి వాక్యాలు మీ చేత్తో తెలుగులోనే రాయండి. "భిన్నాల కూడిక పట్టీలతో వచ్చింది, తీసివేతలో ఇంకా తడబడుతున్నాడు. భాగహారంలో సున్నా వదిలేస్తున్నాడు. తెలుగు చదవడం బాగుంది, ల, ళ తేడా రావడం లేదు." బడి తెరిచిన రోజు ఆ పేజీ టీచరుకు చూపించమనండి. "మావాడు లెక్కల్లో వీక్" అన్న మాటతో ఏ టీచరూ ఏమీ చేయలేరు. "భాగహారంలో సున్నా వదిలేస్తున్నాడు" అంటే ఐదు నిమిషాల్లో సరిచేస్తారు.

వాన తగ్గకపోతే రేపూ సెలవే రావచ్చు. డబ్బాలో నీళ్లు పారబోయించి, తుడిచి, మళ్లీ ఇటుకల మీద పెట్టించండి. అంతకు ముందు, ఎనిమిదిన్నర తర్వాత పడిన వానను పుల్లతో కొలిచి రాసుకోవాలి. రేపటి అంకెకు అది కలపాలి.